హోసూరు–కృష్ణగిరి మట్టిపాత్రలు: అవి చెడే తీరు, కాపాడే తీరు

ప్రాచీన చరిత్రకు ఆధారాలు చెప్పమంటే విద్యార్థులు శాసనాలతో మొదలుపెట్టి నాణేలు, యాత్రికుల రాతలు, కావ్యాలు అని వరుసగా చెబుతారు. కుండపెంకు పేరు ఆ వరుసలో చివరికి గాని రాదు, ఒక్కోసారి అసలే రాదు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల విషయంలో ఈ వరుసను తలక్రిందులు చేయవలసి ఉంటుంది. ఈ సీమలో శాసనాలు, వీరగల్లులు కనిపించడానికి ముందు గడిచిన సుదీర్ఘ కాలానికి రాతి పనిముట్లు, బండల మీది బొమ్మలు, సమాధులు, తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, వాటితోపాటు కుండపెంకులు తప్ప మరో సాక్ష్యం లేదు. వీటిలో లెక్కకు ఎక్కువ దొరికేది పెంకే. అందరికన్నా తక్కువ గౌరవం పొందేదీ అదే.

పురాతన మట్టిపాత్రలు ఏ కారణాల వల్ల శిథిలమవుతాయి, వాటిని ఎలా కాపాడవచ్చు అన్న విషయాన్ని ఈ వ్యాసంలో చర్చించదలచాము. మా అభిప్రాయం ముందే చెబుతాము. మట్టిలో వేల ఏళ్లు పడి ఉన్నందువల్ల కుండకు జరిగే చెరుపు కంటే, మట్టిలోంచి తీసిన మొదటి కొద్ది రోజుల్లో మన చేతుల్లో జరిగే చెరుపు తరచు పెద్దదిగా ఉంటుంది.

కృష్ణగిరి జిల్లాలో బర్గూరుకు సమీపాన, తొగరపల్లి దగ్గర మయిలాడుంపారై అనే చోటు ఉంది. నెమలి ఆడే బండ అని ఆ తమిళ పేరుకు అర్థం. ఆచార్య కె. రాజన్ 2003లో అక్కడ త్రవ్వకాలు జరిపారు. తమిళనాడు పురావస్తు శాఖ 2021లో మళ్లీ పని చేపట్టింది. అక్కడి బొగ్గు నమూనాలను పరీక్షించగా క్రీ.పూ. 2172, క్రీ.పూ. 1615 అన్న తేదీలు వచ్చాయి. ఆ సంగతిని 2022 మే 9న ముఖ్యమంత్రి ఎం.కె. స్టాలిన్ శాసనసభలో ప్రకటించినప్పుడు అందరి దృష్టీ ఇనుము మీదికే పోయింది. అదే నివేదికలో కుండల గురించి ఉన్న మాట వెనుకబడిపోయింది. నలుపు–ఎరుపు పాత్రలు ఇనుప యుగంతోపాటే వచ్చాయని అంతకు ముందు ఎక్కువమంది నమ్మేవారు. అవి నవీన శిలాయుగపు చివరి దశలోనే వాడుకలోకి వచ్చాయని మయిలాడుంపారై పొరలు చూపాయి. తేదీ తెలిసిన మట్టానికి దిగువన ఇంకా 25 సెంటీమీటర్ల మందాన నివాసపు పొర ఉన్నందున ఆ దశ క్రీ.పూ. 2200 కన్నా ముందే మొదలై ఉండాలని కూడా తేల్చారు. 2025 జనవరిలో వెలువడిన మరొక నివేదికలో తూత్తుకుడి జిల్లాలోని శివగళై ఇనుముకు ఇంకా వెనకటి తేదీలు వచ్చాయి. కనుక అన్నిటికన్నా పాతది అన్న బిరుదు మయిలాడుంపారైకి మూడేళ్లు కూడా నిలవలేదు. బిరుదు పోయినా కుండల సాక్ష్యం అలాగే ఉంది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ప్రయోగశాలలో తేదీ కట్టింది బొగ్గుకు. కుండకు ఆ కాలం అబ్బింది, అదే పొరలో ఉన్నందువల్ల. పెంకును పొర నుంచి విడదీసి, ఏ లోతున దొరికిందో వ్రాసుకోకుండా సంచిలో వేస్తే దాని వయస్సు కూడా అక్కడే పోతుంది. పెంకు ముక్కలు కాకపోయినా, రంగు వెలవెలబోకపోయినా, చరిత్రకారుని దృష్టిలో అది చెడిపోయినట్లే. ఈ రకపు శిథిలత సంరక్షణ గ్రంథాలలో సాధారణంగా చివరన వస్తుంది గాని మేము దానిని మొదటే చెప్పుకుంటున్నాము.

ఇక కుండ ఎందుకు చెడుతుందో తెలియాలంటే అది ఎలా తయారయిందో తెలియాలి. దీనికి మన విద్యార్థులు పెద్ద పుస్తకాలు తిరగేయనక్కరలేదు. కుమ్మరి అనండి, తమిళంలో కుయవర్ అనండి, కన్నడంలో కుంబార అనండి, ఆ వృత్తి ఇంకా మిగిలిన ఊళ్లలో ఒక పూట కూర్చుని చూస్తే చాలు. మట్టి తెచ్చి, రాళ్లు ఏరి, నానబెట్టి, కాళ్లతో తొక్కి, అవసరాన్ని బట్టి ఇసుకో బూడిదో కలుపుతారు. సారె మీద ఎత్తి, చెక్కతో తట్టి పొంకానికి తెచ్చి, నీడన ఆరబెట్టి, ఆవంలో కాలుస్తారు. నీడన ఆరబెట్టడమన్న మాట గుర్తుంచుకోవాలి. దానితో తర్వాత పని పడుతుంది.

ఎండిన పచ్చికుండ మీద నీళ్లు పోస్తే అది మళ్లీ మట్టే అవుతుంది. సుమారు 450 నుంచి 600 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య మట్టి కణాల నిర్మాణంలో ఇమిడి ఉన్న నీరు కూడా వెళ్లిపోతుంది. అప్పుడు గాని అది నీటికి కరగని వస్తువు కాదు. ఆరుబయట పేర్చి కాల్చే ఆవంలో వేడి సాధారణంగా 600 నుంచి 900 డిగ్రీల మధ్య ఉంటుంది. నేటి పింగాణి సామాను కాలే 1200 డిగ్రీలు, ఆ పైన వేడి అందులో రాదు. పైగా ఆవమంతటా సమానంగా ఉండదు. నడుమ ఉన్న కుండ గట్టిగా కాలుతుంది, అంచున ఉన్నది అరకొరగా కాలుతుంది. సంతలో కుండను వేలితో తట్టి, ఖంగుమంటేనే కొనే అలవాటు ఇందుకే వచ్చింది. అరకొరగా కాలిన కుండ మట్టిలో పడితే తేమకు మెత్తబడుతుంది. త్రవ్వకంలో చేతికి తగిలినప్పుడు తడిసిన బిస్కెట్టులా వంగి విరుగుతుంది. ఒకే సమాధిలో పక్కపక్కనే ఉన్న రెండు కుండలలో ఒకటి నిక్షేపంగా, ఒకటి నుగ్గుగా దొరకడానికి తరచు కారణం కాలిన తీరే.

కలిపిన ఇసుక కూడా తన వంతు చేస్తుంది. అందులోని స్ఫటికపు రేణువులు 573 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా ఉబ్బి, చల్లారేటప్పుడు కుంచించుకుపోతాయి. వాటి చుట్టూ కంటికి కనబడని బీటలు మిగులుతాయి. మట్టిలో సున్నపురాయి పలుకులు ఉంటే మరో చిక్కు. 800 డిగ్రీల దరిదాపుల్లో అవి గుల్లసున్నంగా మారి, తర్వాత తేమ పీల్చి ఉబ్బి, కుండ ఒంటి మీద చిన్న చిన్న పెచ్చులు ఎగురగొడతాయి. ఇవన్నీ కుండ పుట్టుకతో తెచ్చుకున్న లోపాలు.

నలుపు–ఎరుపు పాత్రల సంగతి కొంత ప్రత్యేకంగా చెప్పాలి. లోపలి భాగం, మూతి అంచు నల్లగానూ, వెలుపలి అడుగు భాగం ఎర్రగానూ ఉంటాయి. కుండను బోర్లించి, లోపలికి గాలి అందకుండా చేసి కాల్చడం వల్ల ఈ రెండు రంగులూ వస్తాయని ఎక్కువమంది పండితుల వివరణ. ఎరుపు గాలి తగిలిన ఇనుము రంగు. నలుపు గాలి అందని చోట మట్టి పీల్చుకున్న మసి. ఆరక ముందు నున్నని రాయితో రుద్ది తెచ్చిన మెరుగు ఈ పాత్రలకు అందాన్ని, కొంత రక్షణను ఇస్తుంది. కాని ఆ మెరుగు చాలా పలుచని పొర. కుండ గోడ నిలిచి ఉండి మెరుగు మాత్రం రాలిపోవడం సాధారణంగా కనిపించే నష్టం. ఇటువంటి పాత్రల మీద గీసిన గుర్తులు దక్షిణాదిన అనేక చోట్ల దొరికాయి. అవి చాలావరకు కాల్చిన తర్వాత మొనతో గీసినవి, లోతు తక్కువ. పైపొర పోతే గుర్తు పోతుంది. ఈరోడ్ జిల్లా కొడుమణల్ వంటి చోట్ల పెంకుల మీద తమిళ బ్రాహ్మీ అక్షరాలే దొరికాయి. ఒక పెంకును ఇనుప పీచుతో రుద్ది కడిగిన వ్యక్తి ఏం తుడిచివేశాడో ఆయనకు ఎప్పటికీ తెలియదు.

ఇప్పుడు నేల సంగతికి వద్దాము. హోసూరు మైసూరు పీఠభూమి అంచున సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. కృష్ణగిరి అంతకన్నా బాగా పల్లం. రెండింటా నల్లరాతి బండలు అరిగి ఏర్పడిన ఎర్రనేలే ఎక్కువ. నీరు ఇంకే నేల కాబట్టి వానలో నాని, ఎండలో ఆరి, కుండతో పాటు చుట్టూ ఉన్న మట్టి కూడా ఏటేటా కొద్దిగా కదులుతుంది. నైరుతి, ఈశాన్య ఋతుపవనాలు రెండూ ఈ ప్రాంతాన్ని తడుపుతాయి. కుండ గోడ నిండా సన్నని రంధ్రాలుంటాయి. వాటిలోకి వేళ్లు దూరుతాయి, మట్టిలోని ఇనుము మరకలుగా దిగుతుంది, అన్నిటికన్నా ముఖ్యంగా ఉప్పు చేరుతుంది.

ఉప్పు అంటే వంట ఉప్పు ఒక్కటే కాదు. క్లోరైడులు, నైట్రేట్లు, సల్ఫేట్లు అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. నీటిలో కరిగి ఉన్నంతసేపు వాటి వల్ల హాని లేదు. నీరు ఆరేటప్పుడు అవి గోడ పైపొర క్రింద స్ఫటికాలుగా గడ్డకడతాయి. ఆ స్ఫటికం పెరిగే ఒత్తిడికి మెరుగు, పూత లేచిపోతాయి. పాత ఇంటి గోడ అడుగున చౌడు పూసి గచ్చు పెచ్చులూడటం మనం చూసేదే. కుండలో జరిగేదీ అదే. తేమ పెరిగితే ఉప్పు మళ్లీ కరుగుతుంది, తగ్గితే మళ్లీ గడ్డకడుతుంది. ఉదాహరణకు వంట ఉప్పు గాలిలో తేమ సుమారు 75 శాతం దాటగానే కరగడం మొదలుపెడుతుంది. వానాకాలంలో కిటికీలు తెరిచి ఉంచే గదిలో ఉన్న కుండ ఏడాదికి ఎన్నిసార్లు ఈ బాధ పడుతుందో లెక్క వేసుకోవచ్చు.

చౌడు నేల కాని చోట ఈ ఉప్పు ఎక్కడిదని అడగవచ్చు. కొంత కుండలో వండిన, నిల్వ చేసిన పదార్థాలది. కొంత సమాధిలో ఉంచిన అస్థికలది. నేటి పొలాలలో మరో దారి కూడా ఏర్పడింది. హోసూరు చుట్టుపక్కల గులాబీ, కూరగాయల తోటలు, కృష్ణగిరి వైపు మామిడి తోటలు విస్తరించాయి. వాటికి వేసే పొటాషు ఎరువు చాలావరకు పొటాషియం క్లోరైడే. నత్రజని ఎరువులు నేలలో నైట్రేట్లుగా మారతాయి. మడక కొన చేరని లోతుకు ట్రాక్టరు నాగలి, తోట గుంతల కోసం తెచ్చిన యంత్రం చేరుతున్నాయి. రైతును ఇందుకు తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ఆయన తిండి ఆయన చూసుకుంటాడు. తెలియవలసింది ఏమంటే, వేల ఏళ్లు ఒకే స్థితికి అలవాటుపడిన పెంకుకు ఆ స్థితి మన తరంలోనే మారుతోంది.

కుండ నేలలో పడ్డాక మొదట కొన్నాళ్లు త్వరగా చెడి, తర్వాత చుట్టూ ఉన్న తేమతో, ఉప్పుతో ఒక రకమైన సర్దుబాటుకు వస్తుంది. త్రవ్వి వెలికి తీసినప్పుడు ఆ సర్దుబాటు ఒక్క గంటలో తెగుతుంది. తడి పెంకులను గోనె మీద పరిచి ఎండలో పెట్టడం మనకు సహజంగా తోచే పని. అదే మొదటి తప్పు. పైపొర గబగబా ఆరి లోపలి ఉప్పునంతా తన వైపు లాక్కుంటుంది. మెత్తని కుండ అయితే బీటలు వారుతుంది. కుమ్మరి పచ్చికుండను నీడన ఎందుకు ఆరబెడతాడో సరిగ్గా ఆ కారణానికే ముసలికుండనూ నీడన, నెమ్మదిగా, పైన తడిగుడ్డో చిల్లులున్న పాలిథీన్ షీటో కప్పి ఆరబెట్టాలి. బాగా మెత్తబడిన దానిని ప్రయోగశాలకు చేరేవరకు ఆరనివ్వకుండా ఉంచడమే మేలు.

రెండవ తప్పు కడగడం. మట్టి అంటిన పెంకును చూస్తే చేయి ఊరుకోదు. గట్టిగా కాలిన పెంకును మెత్తని కుంచెతో మంచినీటిలో కడగవచ్చు. మెత్తని దానికి ఆ మాత్రం కూడా పనికిరాదు, వెదురు పుల్లతోనో పొడి కుంచెతోనో మట్టిని వదల్చాలి. కొన్నిటిని అసలే కడగకూడదు. గోడ రంధ్రాలలో పాతకాలపు నూనె, పాలు, గింజల జాడలు చిక్కుకుని ఉంటాయి. వాటిని రసాయన పరీక్షలో గుర్తించే పద్ధతులు ఇప్పుడున్నాయి. సబ్బుతో కడిగిన పెంకు ఆ ప్రశ్నకు జవాబు చెప్పదు. పూర్తి కుండ దొరికితే లోపలి మట్టిని అక్కడే గుమ్మరించకుండా, చుట్టూ గుడ్డ పట్టీలు చుట్టి, మట్టితో సహా ఎత్తి, తర్వాత గదిలో కూర్చుని పొరపొరగా తీయాలి. ఒక్క ధాన్యపు గింజ దొరికినా దాని విలువ కుండ విలువను మించవచ్చు.

కొన్ని పెంకుల మీద తెల్లని సున్నపు గారు కట్టి ఉంటుంది. దానిని పోగొట్టడానికి పలుచని ఆసిడ్ వాడే అలవాటు వెనకటి తరంలో విస్తారంగా ఉండేది. గారుతో పాటు కుండ మట్టిలోని సున్నపు పలుకులు కూడా కరుగుతాయి, ఆసిడ్‌తో పుట్టిన కొత్త లవణం గోడలో మిగులుతుంది. తప్పనిసరి అయినచోట కుండను ముందు నీటితో పూర్తిగా నింపి, గారు ఉన్న మేరకే ఆసిడ్ తాకించి, వెంటనే చాలాసేపు నీటిలో ఉంచాలి. మా మట్టుకు సన్నని కత్తితో గీకడమే మంచిదనిపిస్తుంది.

ఉప్పును తీసే పద్ధతి చూడటానికి సులభం, ఓపికకు పరీక్ష. గట్టి పెంకును లవణాలు లేని శుద్ధజలంలో నానబెట్టి నీరు మారుస్తూ ఉండాలి. నీటిలో క్లోరైడు మిగిలిందో లేదో చూడటానికి ఒక పరీక్ష ఉంది. ఆ నీటిలో చుక్క నైట్రిక్ ఆసిడ్, తర్వాత కొన్ని చుక్కల సిల్వర్ నైట్రేట్ వేయాలి. తెల్లని మబ్బులా కమ్మితే ఉప్పు ఇంకా వస్తున్నదని అర్థం. కాలేజీలో రసాయనశాస్త్రం చదివినవారు ఈ పరీక్షను ఏదో ఒక రోజు చేసి ఉంటారు, అది తమ ఊరి సమాధి కుండకు పనికివస్తుందని అప్పుడు ఎవరూ చెప్పి ఉండరు. క్లోరైడు ఒక్కటే లవణం కాదు గనుక నీటి విద్యుద్వాహకతను కొలిచి అది స్థిరపడేదాకా మార్చడం ఇంకా నమ్మకమైన మార్గం. పూత లేస్తున్న పెంకును మాత్రం నేరుగా నీటిలో వేయరాదు.

అతికించడం దగ్గర మన దేశంలో జరిగినంత చెరుపు మరెక్కడా జరగలేదేమో అనిపిస్తుంది. లక్క ఏళ్లు గడిచేకొద్దీ గోధుమ రంగుకు తిరిగి పెళుసవుతుంది. వడ్రంగి పనికి వాడే తెల్ల జిగురు తేమకు సాగుతుంది. ఎపాక్సీ జిగురు కుండకన్నా గట్టిది. తర్వాత ఒత్తిడి వచ్చినప్పుడు అతుకు ఊడదు, పక్కనే కొత్తగా విరుగుతుంది. పైగా దానిని విప్పడం దాదాపు అసాధ్యం. ఈ రంగంలో మూలసూత్రం ఏమిటంటే మనం చేసిన ప్రతి పనినీ రేపటివాడు విప్పగలగాలి. అందుకే అసిటోనులో కరిగే పారలాయిడ్ బి-72 అనే ఆక్రిలిక్ రెసిన్ ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది. పలుచగా కలిపితే మెత్తని గోడకు బలమిస్తుంది, చిక్కగా కలిపితే జిగురవుతుంది, అసిటోను తాకిస్తే విడిపోతుంది. అయితే పాశ్చాత్య గ్రంథాలలో తరచు పైపైన తేల్చేసే చిక్కు ఒకటి ఉంది. ఆ రెసిన్ 40 డిగ్రీల వేడికి మెత్తబడుతుంది. హోసూరులో అది పెద్ద ఇబ్బంది కాకపోవచ్చు గాని, కృష్ణగిరి వేసవిలో రేకుల కప్పు క్రింద ఉంచిన పెద్ద కుండ అతుకులు తమ బరువుకే జారతాయి. అటువంటి చోట అదే జాతికి చెందిన, మరికొంత వేడికి ఆగే రెసిన్‌ను ఎన్నుకోవాలి, లేదా కుండకు లోపల ఆసరా పెట్టాలి. పోయిన భాగాలను ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌తో పూరించేటప్పుడు అంచులకు ముందుగా రెసిన్ పూత వేయాలి. లేకపోతే ప్లాస్టర్‌లోని సల్ఫేటు తడితో పాటు కుండలోకి దిగుతుంది. ఉప్పు తీసిన చేతితోనే ఉప్పు పెట్టినట్లవుతుంది.

మన ప్రాంతానికి దగ్గరలో ఈ విద్యకు చెప్పుకోదగిన చరిత్రే ఉంది. 1851లో ఏర్పడిన మద్రాసు మ్యూజియంలో 1930ల నాటికే ఎస్. పరమశివన్ నాయకత్వాన రసాయన సంరక్షణ పని నడిచింది. అలెగ్జాండర్ రీ ఆదిచ్చనల్లూరులో 1899 తర్వాత తీసిన సమాధి సామగ్రి ఆ మ్యూజియానికే చేరింది. రాబర్ట్ బ్రూస్ ఫుట్ దక్షిణాదిన దశాబ్దాలపాటు ఏరిన పనిముట్లు, పెంకులు 1904లో అక్కడికే వచ్చాయి. 1976లో లక్నోలో సాంస్కృతిక సంపద సంరక్షణకు జాతీయ పరిశోధనశాల ఏర్పడింది, మైసూరులో దాని ప్రాంతీయ కేంద్రం వెలసింది. కృష్ణగిరి పట్టణంలోని ప్రభుత్వ మ్యూజియం 1993 నుంచి ఉంది. హోసూరు విద్యార్థికి ఇవేవీ దూరం కావు.

భద్రపరచడంలోనూ మెలకువలున్నాయి. కొయ్య బీరువా మర్యాదగా కనిపిస్తుంది గాని, కొన్ని రకాల కొయ్య, ప్లైవుడ్ ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి వదులుతాయి. అది కుండలోని సున్నంతో, మిగిలిన ఉప్పుతో కలిసి తెల్లని దూదిలాంటి పూతగా తేలుతుంది. ఇనుప అర, చిల్లులున్న పాలిథీన్ సంచి, మెత్తని పరుపు దీనికన్నా మేలు. పెంకులను ఒకదానిపై ఒకటి గుట్టగా పోయరాదు. గదిలో తేమ ఎంత ఉన్నదన్నదాని కన్నా ఒకే స్థాయిలో ఉన్నదా అన్నది ముఖ్యం.

మల్లచంద్రం కొండ మీద రాతిపలకలతో కట్టిన సమాధులు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. ఇటువంటి కట్టడాలను తెలుగు నాట రాక్షస గుళ్ళంటారు, కన్నడంలో మోరియర మనె అంటారు, పాండవుల పేరుతో చెప్పుకునే ఊళ్లూ చాలా ఉన్నాయి. నిధి ఉంటుందన్న ఆశతో ఇటువంటి వాటిని త్రవ్వినవారు మొదట పగులగొట్టేది కుండనే. గ్రానైటు పని పెరిగిన జిల్లాలో పలక రాయికి కూడా ధర వచ్చింది. పది రూపాయలకు మించిన విలువగల పాతిపెట్టిన వస్తువు ఏది దొరికినా కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతుంది. పెంకుకు పది రూపాయల విలువ ఉందని ఊళ్లో ఎవరూ అనుకోరు కాబట్టి ఆ చట్టం గుర్తుకు రాదు.

కాబట్టి పొలం గట్టున పెంకు కనిపిస్తే విద్యార్థి చేయవలసినది మొదట త్రవ్వకుండా ఉండటం. నేల మీద తేలిన దానిని ఫోటో తీసి, చోటు గుర్తుపెట్టుకుని, మ్యూజియంకో పురావస్తు శాఖకో తెలపాలి. చోటు వ్రాసేటప్పుడు సర్వే నంబరుతో పాటు ఆ చేనును ఊరివారు పిలిచే పేరు కూడా వ్రాయమని మా సూచన. ఈ సీమలో ఒకే బండకు తెలుగులో ఒక పేరు, తమిళంలో ఒకటి, కన్నడంలో ఒకటి ఉండటం కద్దు. మూడూ వ్రాయాలి. చీటీలు రెండు ఉండాలి, ఒకటి సంచి లోపల, ఒకటి బయట. బాల్‌పెన్ను సిరా తేమకు పాకుతుంది, పెన్సిలు పాకదు. బయటి చీటీని చెదలు తిన్నా లోపలిది మిగులుతుంది.